పిలవని పేషెంట్లు, నిండిపోయిన చార్టులు



పోస్టు పెద్దదే. ఇప్పుడు ఓపిక లేకపోతే సేవ్ చేసుకుని ఆదివారం చదవండి. ఈ గ్రూపులో డీఎస్సీ గురించి, జీవో 3 గురించి, స్కాలర్‌షిప్ పడకపోవడం గురించి చాలామంది రాస్తున్నారు, చదువుతున్నాం. నర్సింగ్ చదివేవాళ్ళం మనలో ఇంతమందిమి ఉన్నాం, కానీ వార్డు లోపల ఏం జరుగుతుందో ఎవరూ రాయడం చూడలేదు. అందుకే ఇది.

మేమంటే హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురం. బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ఒకరిది పాడేరు వైపు, ఒకరిది అరకు వైపు, ఒకరిది సీతంపేట, ఇంకొకరిది రంపచోడవరం. నాలుగు ఇళ్ళల్లోనూ ఇంటర్ దాటి కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. టైప్ చేస్తున్నది ఒకరే గానీ మాట నలుగురిదీ, అందుకే మేం అని రాస్తున్నాం. ఆసుపత్రి పేరు, ఊరు పేరు రాయం. పేరు రాస్తే చర్చంతా ఆ పేరు మీదికి పోతుంది, పైగా మా ఇంటర్నల్ మార్కులు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

ముందు లెక్క చెప్తాం. లెక్క తెలియకపోతే మిగతాదంతా ఏడుపులా వినిపిస్తుంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం ఇంకో 30 శాతం అదనం. ఇది మా పుస్తకంలో ఉంది, పరీక్షలో అయిదు మార్కులకు వస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ కింద ఉన్న స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1991-92లో ఇచ్చింది: సాధారణ వార్డులో ఆరు పడకలకు ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు, ఆఫ్‌లకీ సెలవులకీ కలిపి 45 శాతం అదనం.

ఆరుగురికి ఒకరంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. మేం కూడా మొదటి సంవత్సరంలో అలాగే అనుకున్నాం. ఇప్పుడు 30 పడకల వార్డు తీసుకోండి. ముప్పైని ఆరుతో భాగిస్తే అయిదుగురు. 45 శాతం కలిపితే ఏడుగురు. ఏడు పోస్టులూ నిండే ఉన్నాయనుకుందాం. పొద్దున షిఫ్టుకి ఇద్దరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రి ఒకరు. నలుగురయ్యారు. నైట్ చేసి దిగినావిడకి ఆఫ్ ఒకరు, వీక్లీ ఆఫ్ ఒకరు, ప్రసూతి సెలవులోనో డెప్యుటేషన్ మీదో ఇంకొకరు. ఏడూ అయిపోయాయి. ఏ రూలూ తప్పలేదు. అయినా రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ముప్పై మందికి ఒక్క మనిషి. ఇది పోస్టులన్నీ నిండినప్పటి మాట. రెండు ఖాళీగా ఉంటే ఏమవుతుందో మీరే వేసుకోండి. అందుకే ఎవరైనా "మా దగ్గర రేషియో ప్రకారమే ఉన్నారు" అంటే, ఏ షిఫ్టులో అని అడగాలి.

2002లో అమెరికాలో లిండా ఐకెన్ అనే ప్రొఫెసర్, ఆమె తోటివాళ్ళు కలిసి పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల లెక్కలు తీశారు. నర్సు మీద ఒక్క పేషెంటు పెరిగినప్పుడల్లా ఆపరేషన్ అయినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. వాళ్ళు పోల్చింది ముఖ్యంగా ఒక నర్సుకి నలుగురున్న చోటుకీ, ఎనిమిది మంది ఉన్న చోటుకీ. క్లాసులో ఈ గ్రాఫ్ చూపించినప్పుడు మా వెనక బెంచీలో ఒకమ్మాయి మెల్లగా, "మన వార్డు ఈ గోడ దాటి పక్క క్లాసులో ఉంటుందే" అంది. నవ్వాం. కాలిఫోర్నియాలో 1999లో చట్టమే చేశారు, 2004 నుంచి అమల్లో ఉంది. అక్కడ సాధారణ వార్డులో ఒక నర్సుకి అయిదుగురికి మించి ఇవ్వకూడదు, రాత్రయినా సరే. షిఫ్టుల వారీగా చట్టం రాయడం కుదరని పనేమీ కాదని చెప్పడానికే ఇది రాశాం.

ఇక మా వార్డు. బాలింతల వార్డులో మాకు నెల రోజుల పోస్టింగ్, అందులో వారం రోజులు నైట్. పడకలు 30. ఆ రాత్రి తల్లులు 46 మంది. కొందరు మంచానికి ఇద్దరు చొప్పున, కొందరు కింద చాప మీద. పక్కన పిల్లలు 41 మంది. మిగతా అయిదుగురు పిల్లలు ఎస్‌ఎన్‌సీయూలో ఉన్నారు. ఇక్కడ ఒకటి గమనించండి. రిజిస్టర్లో పేషెంట్లు 46 అనే ఉంటుంది. తల్లి పక్కనున్న పిల్లని లెక్కలో రాయరు. పాలు పట్టడం రాకపోతే నేర్పాలి, పసికందు ఒళ్ళు చల్లబడిందేమో చూడాలి, రంగు మారిందేమో చూడాలి, బొడ్డు చూడాలి. పనంతా ఉంది, లెక్కలో మాత్రం లేరు. అంటే 87 మంది. డ్యూటీలో ఒక స్టాఫ్ సిస్టర్, ఒక ఎఫ్‌ఎన్‌ఓ అమ్మ, మేం ఇద్దరం స్టూడెంట్లం. పది మంది విద్యార్థులకి ఒక టీచర్ దగ్గరుండి నేర్పాలని రూలుంది. మా మేడమ్ పొద్దున పోస్టింగులకి వస్తారు. రాత్రికి ఎవరూ రారు.

కాన్పు అయిన మొదటి రెండు గంటలు తల్లిని పావుగంటకోసారి చూడాలి. రక్తం పోయి చనిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. నాడి, బీపీ, గర్భసంచి గట్టిగా బంతిలా ఉందా మెత్తబడిందా, కింద బట్ట ఎంత తడిసింది, పిల్ల ఎలా ఉంది. సరిగ్గా చూస్తే ఒక్కో తల్లికి ఆరు నిమిషాలు. మామూలుగా ఆ రెండు గంటలూ లేబర్ రూమ్‌లోనే ఉంచాలి, కానీ అక్కడ బల్లలు చాలక ముందే పంపేస్తారు. ఆ రాత్రి అలా వచ్చినవాళ్ళు నలుగురు. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు నిమిషాలు. పావుగంటలో ఇరవై నాలుగు నిమిషాల పని పట్టదు. ఈ నలుగురి దగ్గరే లెక్క తప్పింది, మిగతా 42 మంది సంగతి ఇంకా మొదలే కాలేదు.

అప్పుడు ఏం జరుగుతుందంటే, పిలిచినవాళ్ళ దగ్గరికి పోతారు. ఇది ఎవరూ కావాలని చేసేది కాదు. ఒకే మనిషి ఉన్నప్పుడు కాళ్ళు కేక వినిపించిన వైపే పోతాయి. సెలైన్ అయిపోయిందని ఒకాయన గుమ్మంలో నిలబడి అరుస్తాడు. ఆపరేషన్ కుట్లు నొప్పి అని ఒకామె ఏడుస్తుంది. ఫలానా నాయకుడి మనిషినని ఒకాయన ఫోన్ చేయిస్తాడు. వీళ్ళ నొప్పి అబద్ధం కాదు. కానీ చివర్న తలుపు పక్కన చాప మీదున్న మనిషి పిలవదు. ఆ మనిషి ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఎక్కువసార్లు మన మనిషే.

మనవాళ్ళు ఎందుకు పిలవరో మేం చాలా ఆలోచించాం. "వాళ్ళకి ఓర్పు ఎక్కువమ్మా, అడవిలో పుట్టినోళ్ళు" అని ఒక డాక్టరు గారు మా ముందే అన్నారు. పొగిడినట్టే ఉంటుంది గానీ అది ప్రమాదకరమైన మాట. ఓర్పు ఎక్కువ అనుకుంటే నొప్పి మందు ఆలస్యంగా వస్తుంది. అసలు కారణాలు మామూలువి. భాష రాదు. ఎవరిని ఏమని పిలవాలో తెలీదు. తెల్లకోటుంటే డాక్టరా, నీలం చీరైతే ఎవరు, మాలాగ యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎవరు, ఎవరూ చెప్పరు. ఇంకోటి, మొదటి రోజు ఒకసారి పిలిచి కసురు తిని ఉంటారు. రెండోసారి పిలవరు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక వచ్చిన నలుగురిలో ఒకామె మా కొండల వైపు మనిషి. రెండో కాన్పు. ఊరి నుంచి రోడ్డు దాకా డోలీలో, అక్కడి నుంచి 108లో వచ్చారు. తోడు అత్త. ఇద్దరికీ కువి తప్ప తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు. లేబర్ రూమ్ కాగితం మీద అంతా బాగుందనే ఉంది. మాలో అరకు అమ్మాయికి కువి వచ్చు. ఆమె చేతిలో ఇంజెక్షన్ ట్రే పట్టుకుని అటే పోతూ, మన భాష వినిపించింది కదా అని ఆగి, ఏ ఊరని అడిగింది. అత్త ఊరు చెప్పింది. కోడలు బదులివ్వలేదు, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, చెమట. దుప్పటి తీస్తే కింద చాప తడిసిపోయి ఉంది. ముదురు రంగు చాప కావడంతో పైకి ఏమీ కనబడలేదు.

తర్వాతదంతా పుస్తకంలో ఉన్నదే. సిస్టర్ని కేకేశాం. ఆవిడ పరుగెత్తుకొచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టి, మెత్తగా ఉందని చూసి రుద్దడం మొదలుపెట్టారు. మేం ఒకరం ఆక్సిటోసిన్‌కి, ఒకరం డ్యూటీ డాక్టర్‌కి. ఎఫ్‌ఎన్‌ఓ అమ్మ బ్లడ్ బ్యాంకుకి. ఎత్తు కోసం కాళ్ళ కింద పెట్టడానికి ఏమీ దొరక్క అత్త తెచ్చుకున్న మూట పెట్టాం. నలభై నిమిషాలు పట్టింది. బతికింది. ఆరో రోజు పిల్లాడితో ఇంటికెళ్ళింది.

ఇది మా గొప్ప చెప్పుకోడానికి రాయలేదు. ఆ నలభై నిమిషాలు మిగతా 45 మంది తల్లుల్ని ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. అప్పుడే వచ్చిన మిగతా ముగ్గుర్ని కూడా చూడలేదు. వాళ్ళకేమీ కాలేదు, అంతే. ఆ రోజు కువి వచ్చిన పిల్ల వేరే వార్డులో ఉండుంటే అన్న ఆలోచన మాకు ఇప్పటికీ వస్తుంది, ముఖ్యంగా పగలు నిద్ర పట్టనప్పుడు.

రెండు రోజుల తర్వాత ఆమెను అడిగాం, ఎందుకు పిలవలేదమ్మా అని. "మీరంతా పరుగెడుతున్నారు. పరుగెత్తేవాళ్ళని ఎలా ఆపుతాం" అంది.

తెల్లవారి ఏడింటికి ఇంకోటి జరిగింది. దాని గురించే ఎక్కువ చెప్పాలనుంది. హ్యాండోవర్ ముందు చార్టులన్నీ పూర్తయి ఉండాలి. రాత్రి 10కి, 2కి, 6కి ప్రతి తల్లి నాడి, జ్వరం, బీపీ రాయాలి. 2 గంటల గడులు దాదాపు అన్నీ ఖాళీ. సిస్టర్ పెన్ను మాకిచ్చి, "నింపేయండమ్మా, రౌండ్స్‌కి వచ్చేస్తారు" అన్నారు. ఎలా నింపాలో నర్సింగ్ చదివే అందరికీ తెలుసు. జ్వరం 98.6, నాడి 80, బీపీ 120/80. కావాలంటే ఒకరికి 78, ఒకరికి 82.

మేం నింపలేదు. చూసినవి రాశాం, చూడనివి వదిలేశాం. "చూడలేదు సిస్టర్, ఏం రాయాలి" అన్నాం. ఆవిడ కోప్పడలేదు. అలిసిపోయి ఉన్నారు, అది వరుసగా నాలుగో నైట్. షుగర్ ఉంది ఆవిడకి. రాత్రంతా ఒక్కసారి కూడా బాత్రూముకి పోలేదు, మేం చూస్తూనే ఉన్నాం. "మీకు ఇవాళ తెలీదమ్మా, రేపు మెమో వస్తే తెలుస్తుంది" అని మాత్రం అన్నారు. కోప్పడింది మా మేడమ్. ఖాళీ గడి ఉంటే మొదట అడిగేది నర్సునే, స్టూడెంట్‌నే అని. అది నిజమే. ఆవిడ మా మంచికే చెప్పారని తెలుసు.

కానీ ఆలోచించండి. ఒక్క మనిషి ఉన్న రాత్రి కూడా చార్టులో 46 గడులూ నిండి ఉంటే, కాగితం మీద ఏం కనబడుతుంది? ఒక్క మనిషి సరిపోతోందని. రేపెవరైనా పోస్టులు అడిగితే, పని జరుగుతూనే ఉంది కదా అంటారు. మనుషులు చాలలేదని ఆసుపత్రి మొత్తంలో సాక్ష్యం చెప్పేది ఆ ఖాళీ గడి ఒక్కటే. దాన్నీ మన చేత్తోనే చెరిపేస్తున్నాం. మెమో భయంతో నింపే సిస్టర్లని మేం తప్పు పట్టం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మాకింకా లేవు. కానీ నింపించే పద్ధతిని తప్పు పడతాం.

యూనిఫాం వేసుకున్న మేం కూడా ఆ గడి లాంటివాళ్ళమే. మేం నేర్చుకోడానికి వస్తాం. కానీ డ్యూటీ బోర్డు మీద స్టాఫ్ ఒకరు, స్టూడెంట్స్ ఇద్దరు అని రాసుంటే చూసినవాళ్ళకి ముగ్గురు కనబడతారు. సెలవులకి మేం ఊరెళ్ళినప్పుడు గానీ అసలెంతమంది ఉన్నారో తెలీదు. సంక్రాంతికి ముందు ఒక సిస్టర్ నవ్వుతూనే, "మీరెళ్ళిపోతే మా గతేటి" అన్నారు.

ఇంట్లో ఇవన్నీ చెప్పలేం. మా అమ్మలకి నర్సమ్మ అంటే సబ్ సెంటర్లో కుర్చీలో కూర్చుని మాత్రలిచ్చే ఏఎన్ఎం. "నీడలో పని కదా తల్లీ" అంటారు, కాఫీ తోటలో వంగి పనిచేసే మనిషికి అదే పెద్ద విషయం. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి రెండో సంవత్సరం నైట్స్ అయ్యాక వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, ఏమీ అడక్కుండా తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి మాకంటే బాగా చదివేది. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, వార్డు మాటెత్తితే కట్ చేస్తుంది.

కాలేజీలో ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒక క్లాసు పెట్టారు. కళ్ళు మూసుకుని గాలి పీల్చమన్నారు. నైట్ చేసి వచ్చిన బ్యాచ్ కదా, కళ్ళు మూసుకున్నవాళ్ళం మళ్ళీ తెరవలేదు, క్లాసంతా నిద్రపోయాం. ఆ విధంగా అది ఉపయోగపడింది.

మాకు నిజంగా పనికొచ్చినవి రాస్తాం, కొత్తగా నైట్స్‌కి వెళ్ళేవాళ్ళ కోసం.

డ్యూటీ ఎక్కగానే పెన్ను పట్టుకోకుండా వార్డంతా ఒక చుట్టు తిరగండి, ప్రతి మొహం చూడండి. పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి. తిరిగేటప్పుడు పిలవలేని వాళ్ళ మంచం నంబర్లు చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి: భాష రానివాళ్ళు, తోడు లేనివాళ్ళు, మత్తులో ఉన్నవాళ్ళు, నేల మీదున్నవాళ్ళు. వేరే పని మీద ఎటు పోయినా దారిలో ఆ నంబర్ల మీద ఒక కన్నేయాలి. మేం ఇలా మొదలుపెట్టింది ఆ రాత్రి తర్వాతే.

తోడున్న అత్తకో అక్కకో వాళ్ళ భాషలో చెప్పండి: పొట్ట మీద ఇక్కడ చెయ్యి పెట్టు, గట్టిగా ఉండాలి, మెత్తబడితే, బట్ట గబగబా తడిస్తే, మనిషి చెమట పడితే, వచ్చి నా చెయ్యి పట్టి లాగు. పిలవమంటే పిలవరు. చెయ్యి పట్టి లాగమంటే లాగుతున్నారు. ఇది నర్సు పని వాళ్ళ మీద వెయ్యడమే, తెలుసు. కానీ పొద్దున లోపు ఇంకో నర్సు రారు కదా.

మందు ఇచ్చేటప్పుడు పేరు ఒక్కటే అడక్కండి. మన దగ్గర కొర్ర, పాంగి, వంతల, కిల్లో అని ఇంటిపేర్లు కొన్నే, పేర్లూ అవే తిరుగుతుంటాయి. మా వార్డులోనే ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న ఇద్దరు పక్కపక్క మంచాల్లో ఉన్నారు. ఊరు, భర్త పేరు కూడా అడిగే అలవాటున్న సిస్టర్ కాబట్టి ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి పోలేదు. స్టాఫ్ పక్కన లేకుండా ఒంటరిగా ఇంజెక్షన్ ఇవ్వమంటే, "మీరు పక్కనుండండి సిస్టర్" అని మర్యాదగానే అడగండి. రెండుసార్లు విసుక్కుంటారు, మూడోసారి వస్తారు.

తిండి సంగతి. మా మెస్‌లో టిఫిన్ ఎనిమిదిన్నరకి మూసేస్తారు. నైట్ దిగి బస్సెక్కి వచ్చేసరికి తొమ్మిదిన్నర. మొదటి మూడు రోజులు నీళ్ళు తాగి పడుకున్నాం. తర్వాత వార్డెన్ మేడమ్‌కి కాగితం రాసిచ్చాం, నైట్ పోస్టింగ్ లిస్టు కూడా జత చేసి. ఇప్పుడు వంట అమ్మ నాలుగు ప్లేట్లు మూతపెట్టి పక్కన ఉంచుతోంది. నోటితో అడిగితే రేపు చూద్దాం అన్నవాళ్ళే కాగితం ఇస్తే చేశారు. మీ హాస్టల్లోనూ రాసివ్వండి.

ఇవేవీ నర్సుల కొరతకి మందు కాదు. ఒక్కరు 46 మందిని చూడగలిగే కిటుకేదో ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇంకోటి మొదలుపెట్టాం. మేం నలుగురం ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. తేదీ, షిఫ్టు, పడకలు ఎన్ని, తల్లులు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, స్టాఫ్ ఎంతమంది, స్టూడెంట్స్ ఎంతమంది. పేషెంట్ల పేర్లు రాయం, సిస్టర్ల పేర్లు రాయం. ఇప్పటికి 19 షిఫ్టులు రాశాం. స్టూడెంట్లని తీసేసి చూస్తే రాత్రిపూట ఒక్కసారి కూడా ఇద్దరు స్టాఫ్ లేరు. గ్రూపులో ఇంకా ఎక్కడెక్కడ పోస్టింగ్‌లో ఉన్నవాళ్ళున్నారో, జీఎన్ఎం వాళ్ళయినా, ఏఎన్ఎం ట్రైనింగ్ వాళ్ళయినా, ఇవే గడులు గీసుకుని రాసుకోండి. నాలుగైదు చోట్ల నుంచి వస్తే ఒక దగ్గర పెట్టి, ఎవరికి ఇవ్వాలో అప్పుడు అందరం మాట్లాడుకుందాం. సీనియర్ అన్నలు, అక్కలు ఆర్టీఐ వేయడం తెలిసినవాళ్ళుంటే మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నది ఎంతమంది అని వార్డుల వారీగా ఎలా అడగాలో కామెంట్లో చెప్పండి. మాకు ఆ ఫారం రాయడం రాదు.

సోమవారం నుంచి మాకు పిల్లల వార్డు. అక్కడ సవర పిల్లలు, కోయ పిల్లలు కూడా వస్తారట. మాకు కువి, సవర, ఆదివాసీ ఒడియా ఉన్నాయి, కోయ రాదు, గదబ రాదు. "నొప్పి ఎక్కడ", "పాలు తాగిందా", "ఒంటికి పోసిందా", "నన్ను పిలువు" ఈ నాలుగు మాటలు ఆ భాషల్లో వచ్చినవాళ్ళు ఆదివారం సాయంత్రం లోపు వాయిస్ మెసేజ్ పెట్టండి. మెల్లగా పలకండి, రెండేసి సార్లు.